తాతగారి యుద్ధచిత్రము

బొమ్మల కొలువనగా పెండ్లివారిని, శ్రీరామ పట్టాభిషేకమును తీర్చుట మనకు పరిపాటి. ఉప్పునుంతలలోని మా యింట నీ సంక్రాంతికి పిల్లలు యుద్ధమును పెట్టవలెనని పట్టుబట్టిరి. ఏ యుద్ధమనగా, తాతగారు చెప్పునదే యట!

మా మామగారికి ఎనుబదియేండ్లు దాటినవి. నిన్నటి మాట నేడు నిలువదు. కాని యౌవనమున దక్షిణదేశ యాత్రలో నెక్కడనో చూచిన గోడచిత్రమొకటి మాత్రము వారి మనస్సున చెక్కుచెదరలేదు. గోడనిండ గుఱ్ఱములు, నడుమ పొగ, పల్లకిలో వ్రేలు కఱచుకొను దొర, ఒక మూల ఆవును పందియు. ఊరిపేరు తోచదు. ఆవు, పంది యనగానే విన్నవారు మతి చలించినదని నవ్విరి. అంతట వృద్ధులు ఆ ప్రసక్తి తెచ్చుటయే మానిరి. మాకది మిక్కిలి కష్టమనిపించెను.

భారతయుద్ధమున ఫిరంగిపొగ యుండదు. 1565 నాటి రక్కసితంగడి యుద్ధమున దొరలు లేరు. 1757 నాటి బొబ్బిలిలో బుస్సీదొర కలడు గాని, గెలిచినవాడు వ్రేలేల కఱచుకొనును? ఇట్లు తర్కించి, ఓడిన దొరకొఱకు వెదుకగా, మావారు తెచ్చిన చరిత్రగ్రంథమున శ్రీరంగపట్టణపు దరియాదౌలతు చిత్రము కనబడినది.

1780 సెప్టెంబరు 10న కంచికి చేరువనున్న పొల్లిలూరికడ హైదరాలీయు టిప్పుసుల్తానును కుంఫిణీ దళమును చుట్టుముట్టిరి. మందుగుండు బండ్లు ప్రేలిపోయినవి. సేనాని బెయిలీ చెఱపడి, 1782లో శ్రీరంగపట్టణముననే మరణించెను. టిప్పు తన వేసవిసౌధపు పడమటిగోడపై 1784లో నీ విజయమును వ్రాయించెను. పల్లకిలోని దొర బెయిలీయే. చుట్టును ఎఱ్ఱకోటుల సిపాయిలు చతురస్రముగా నిలిచినారు.

మఱి ఆవును పందియు? అవియు నున్నవి! ఆలసించి వచ్చు నైజాము సేనకడ వానిని చిత్రించి, ఆయనను పరిహసించిరట. నిజమునకు నైజామా యుద్ధమున పాల్గొననేలేదు. చిత్రకారుని కోపమునకు చరిత్రతో పనిలేదు గాబోలు! మన పాలమూరు సీమయు 1948 వరకు నైజాముల యేలుబడిలోనిదే కదా.

పటము చూపగా మామగారు దొరపై వ్రేలుంచి "వీడే" యనిరి.

పిల్లలు దుందుభి యేటిమట్టితో గుఱ్ఱములను, దూదితో పొగను, మా పాత రవికగుడ్డతో ఎఱ్ఱకోటులను చేసిరి. బెయిలీ వ్రేలు రెండుమారులు విఱుగగా చీపురుపుల్ల గ్రుచ్చితిమి. పంది కొలువులో కూడునా యని పొరుగింటివారడిగిరి. వరాహమూర్తి అవతారమే కదా యంటిమి. ఆవును పందిని తామే చేసెదమని మామగారు కూర్చుండిరి. చేతులు వణకుటచే పంది చెవి యొకటి మిక్కిలి పెద్దదైనది. పిల్లలు దిద్దబోగా మేము వలదంటిమి.