నీ ఇష్టం

నాలుగు రోజులుగా మా ఇంట్లో అందరూ నాతో మహా మర్యాదగా ఉన్నారు. ఏమడిగినా ఒకటే జవాబు: "నీ ఇష్టం." పప్పులో ఉప్పు ఒక రవ్వ తగ్గితే ముగ్గురు ఒక్క గొంతుతో చెప్పే ఇల్లు మాది. అలాంటి ఇంట్లో ఇంత పెద్ద విషయానికి ఎవరికీ అభిప్రాయమే లేదంటే మీరు నమ్ముతారా?

సంగతేమిటంటే, నాకు ప్రమోషనొచ్చింది. ఆళ్లగడ్డలో ఒక బ్యాంకులో పన్నెండేళ్లుగా గుమాస్తాని. గుమాస్తాగా ఉన్నంతకాలం సొంత రాష్ట్రంలోనే అటూ ఇటూ తిప్పుతారు. ఆఫీసరు కుర్చీ ఎక్కామా, ఇక దేశమంతా మనదే! నా వంతుకు తమిళనాడులో కుంభకోణం దగ్గర ఒక చిన్న ఊరు వచ్చింది. ఔనో కాదో పది రోజుల్లో రాసివ్వాలి. కాదంటే కొన్నేళ్లపాటు మళ్లీ ఆ ఊసెత్తడానికి లేదు.

మావారు ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన ఉద్యోగం రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది గనక నా వెనక రాలేరు. పెళ్లైన ఆడవాళ్లను వీలైనంత వరకు భర్త ఉన్న చోటనో, దానికి దగ్గర్లోనో వెయ్యమని కేంద్ర ఆర్థిక శాఖ 2014లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ 'వీలైనంత వరకు' అన్నది ఎంత పొడుగు మాటో నాకు ఇప్పుడు తెలిసింది. ఆళ్లగడ్డ నుంచి కుంభకోణం దాకా ఉంది.

అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. అబ్బాయి ఎనిమిదో తరగతి. అత్తగారికి డెబ్భై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, కూడి తీసివేసి చూసుకున్నాను. లెక్కల మాస్టారి భార్యని కదా! ప్రతిసారీ ఒక్కో జవాబొచ్చింది.

అసలు బదిలీ నాకు కొత్తేం కాదు. పద్ధెనిమిదేళ్ల కిందట ప్రొద్దుటూరు నుంచి ఆళ్లగడ్డకు వచ్చేశాను, మెడలో పసుపుతాడుతో. అప్పుడెవరూ నన్ను కూర్చోబెట్టి 'నీ ఇష్టం' అనలేదు. సామాను ఎప్పుడు ఎత్తాలన్నదొక్కటే చర్చ. మా తోడికోడలి భర్తకు పుణెలో ఉద్యోగం వచ్చినప్పుడూ అంతే. పాలవాడి బాకీ తీర్చి బండెక్కారు. ఆయనను ఎవరైనా అడిగారా, పిల్లల గతేమిటని?

బ్యాంకులో నా కౌంటరు దగ్గరికి వచ్చే ఖాతాదారుల్లో శిల్పులు చాలామంది. ఆళ్లగడ్డ విగ్రహాలంటే ఎంత పేరో మీకు తెలిసిందే. రోడ్డు పక్కనే ఉలి చప్పుడు వింటూ తయారై, గడ్డిలో, గోనెల్లో చుట్టించుకుని లారీ ఎక్కి ఏ రాష్ట్రానికో పోతాయి. "ఇన్నాళ్లు చెక్కి పంపించేస్తే దిగులు కాదా?" అని ఒకాయన్ని అడిగాను. "ఈడనే పెట్టుకుంటే అది రాయేగదా మేడమ్! గుళ్లో నిలబడితేనే దేవుడు" అని డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. నేను ఆ మధ్యాహ్నం రెండు ఓచర్లు తప్పు రాశాను.

ఇంతలో కనుమ వచ్చింది. అహోబిలం మా అత్తగారి పుట్టిల్లు. కనుమనాడు దిగువ అహోబిలంలో పారువేట మొదలవుతుంది. ప్రహ్లాదవరదస్వామి, జ్వాలా నరసింహస్వామి పల్లకి ఎక్కి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతారు. ఒకటీ రెండూ కాదు, నలభై రోజులు! ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి స్వామే స్వయంగా ఊరూరా పిలుపులకు వెళ్తాడని ఇక్కడివాళ్ల నమ్మకం. చెంచులక్ష్మిని చేసుకున్నాడు గనక చెంచులకు ఆయన అల్లుడు. "చూశావా, ఈ కొండల్లో ఆయనది ఇల్లరికమే" అని మావారు ఏటా వేసే జోకు ఈసారి వెయ్యలేదు. అంటే ఇంట్లో వాతావరణం ఎలా ఉందో ఊహించుకోండి.

గుడి దగ్గర ఎప్పటిలాగే సగం మాటలు అరవంలో వినిపిస్తున్నాయి. తిరుమంగై ఆళ్వారు పాడిన క్షేత్రం, నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. తమిళులు బస్సులు కట్టుకుని వస్తారు. ఎనభై ఏళ్ల అవ్వలు కర్ర పట్టుకుని ఎగువ అహోబిలం ఎక్కుతారు. వాళ్లకు మన ఊరు రావడానికి భయం లేదు. నాకు వాళ్ల ఊరు పేరు వింటే గుండె దడ!

పల్లకి కదిలింది. అత్తగారు అరుగు మీద కూర్చుని చేతులు జోడించారు. పక్కన నేను. పల్లకి సందు తిరిగాక, నా వైపు చూడకుండా అన్నారు:

"పిల్లాడు చిన్నోడుగా ఉన్నప్పుడు ఒకసారి వచ్చెనే ఈ ప్రమోషను. పోనని రాసిస్తివి."

ఆరేళ్లయింది. ఆవిడకు గుర్తుందనుకోలేదు.

"ఆ పొద్దు నువ్వు పోనంటే నాకు బాగుండె. నా మోకాళ్లకు బాగుండె. అందుకే నోరు మెదపలేదు. నీ ఇష్టం అంటి. ఇప్పుడూ అదే అంటి." కాసేపు ఆగి, "అది మంచిమాట కాదమ్మా. భారమంతా నీ నెత్తిన ఏసి మేం పక్కకు తప్పుకున్నట్టు" అన్నారు.

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. పల్లకి వెళ్లిన వైపే చూస్తూ కూర్చున్నాను.

"ఆయప్పకంటే మోసేటోళ్లున్నారు. నీకెవరున్నారు? సామాను తక్కువ ఎత్తుకో. రెండు గిన్నెలు, చిన్న కుక్కరు చాలు. నా కాళ్లకు నూనె రాయడం నా మనవరాలు నేర్చుకోనీలే."

మర్నాడు సమ్మతి రాసిచ్చాను. ధైర్యంగా రాశానని మాత్రం అనుకోకండి. సంతకం వంకరపోయింది. కడపలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై, అక్కడినించి ఇంకో రైలు. నెలకోసారి రాగలనా? పరీక్షలప్పుడు అమ్మాయికి జ్వరమొస్తే? ఈ ప్రశ్నలు సంతకంతో పోలేదు, నాతోనే ఉన్నాయి.

ఆ రాత్రి వంటింట్లోకి మావారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఏదో పెద్ద మాట అంటారనుకున్నాను. డబ్బా మూత తీసి చూసి, "గ్లాసు బియ్యానికి నీళ్లెన్ని?" అన్నారు.

"కొత్త బియ్యమండీ. రెండు గ్లాసులకు కాస్త తక్కువే పొయ్యండి" అన్నాను.