అడ్మిషన్ రిజిస్టరులో ఐదు భాషలు

జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్కనున్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్లేసరికి ప్రార్థన ముగిసింది. నేను చూడాలనుకున్నవి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. హెచ్‌ఎం మేడమ్ ముందుగా అడ్మిషన్ రిజిస్టరు తెరిచి ‘మాతృభాష’ గడి చూపించారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా, మరాఠీ. హిందీ అని రాయించుకున్న వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది భోజ్‌పురి. తండ్రి వృత్తి దగ్గర ఫ్యాక్టరీ కూలీ, వాచ్‌మన్, ఆటో డ్రైవర్, సెంట్రింగ్ మేస్త్రీ. పాలమూరు, శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబాల సరసన ఇప్పుడు బిహార్, ఒడిశా కుటుంబాలు చేరాయి.

ఆరో తరగతిలో ముగ్గురు పట్టే బల్ల మీద నలుగురు కూర్చున్నారు. ఆడపిల్లలే ఎక్కువ. ఎందుకని లెక్కల సారును అడిగాను. “కొడుకును ప్రైవేటుకు పంపిస్తరు, బిడ్డను ఇక్కడ చేర్పిస్తరు సార్. ఇద్దరికీ ఫీజు కట్టాలంటే యాడికెళ్లి తెస్తరు?” అన్నారు.

ఆ రోజు పాఠం భిన్నాలు. 2022–23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చినప్పటి నుంచి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ తెలుగులో ఉంటోంది. చివరి బల్లమీది బిహార్ పిల్లాడికి రెండు పేజీలూ కొరుకుడు పడవు. సారు అదే లెక్కను హిందీలో మళ్లీ చెప్పారు. అది పూర్తయ్యేలోగా ముందు వరుసల్లో కబుర్లు మొదలయ్యాయి. తెలుగు పీరియడ్‌లోనూ ఇదే తంతు. 2018 చట్టంతో తెలుగు తప్పనిసరి కావడంతో కొందరు పద్యం అప్పజెబుతుంటే కొందరు గుణింతాలు దిద్దుతున్నారు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మంది పిల్లలకు ఒక టీచరుండాలి. ఉన్న టీచర్లందరితో పిల్లల సంఖ్యను భాగిస్తే ఈ బడి తప్పేమీ కనిపించదు. ఆ భాగహారంలో హిందీ పండిట్ ఉంటారు, పీఈటీ ఉంటారు. లెక్కలకు మాత్రం ఈయన ఒక్కరే. అందుకే ఆరో తరగతిని రెండు సెక్షన్లు చేయలేకపోతున్నారు.

టీసీ ఆలస్యమైందనో, వయసు రుజువు లేదనో పిల్లల్ని తిప్పి పంపకూడదని అదే చట్టం చెబుతోంది. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన వాళ్లకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటోంది. మంచి నిబంధనే. బడి ముఖం చూడని పన్నెండేళ్ల పిల్ల నేరుగా ఏడో తరగతిలో కూర్చోగలుగుతోంది. ఆ శిక్షణ ఇవ్వాల్సింది కూడా ఈ టీచర్లే. పైగా ఛఠ్ పండక్కి ఊరెళ్లిన పిల్లలు ఎప్పుడు తిరిగొస్తారో తెలియదు. వాళ్లు వచ్చేలోపు కొత్త పిల్లలు చేరతారు.

“గది కట్టిస్తామంటున్నారు. అందులో పాఠం చెప్పే మనిషిని కూడా ఇవ్వమనండి” అన్నారు హెచ్‌ఎం మేడమ్.

పోస్టులు లెక్కగట్టే అధికారులు బడి మొత్తానికి సగటు తీసే ముందు ఒక్క పూట గది గదికీ తిరగాలి. ఏ గదిలో ఎందరున్నారో, ఏయే భాషల పిల్లలున్నారో రాసుకుంటే ఈ బడికి ఏ టీచర్లు కావాలో తేలిపోతుంది.