సున్నా వడ్డీ కార్డుకు అప్పు మార్చుకోవడం

ఒక క్రెడిట్ కార్డు మీద పేరుకున్న బాకీని మరో బ్యాంకు ఇచ్చే కొత్త కార్డు మీదికి మార్చుకోవడాన్ని బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు. కొత్త బ్యాంకు పాత బ్యాంకుకు డబ్బు కట్టేస్తుంది. ఆ రోజు నుంచి బాకీ కొత్త బ్యాంకుకు తీర్చాలి. ఇలా మార్చిన బాకీ మీద కొంతకాలం వడ్డీయే వేయని కార్డులు అమెరికాలో విరివిగా దొరుకుతాయి. ఆ గడువు సాధారణంగా 12 నుంచి 21 నెలల దాకా ఉంటుంది. మార్చినందుకు ఒక్కసారి ఫీజు తీసుకుంటారు. అది సాధారణంగా 3 నుంచి 5 శాతం. దాన్ని విడిగా కట్టనక్కర్లేదు, బాకీలోనే కలిపేస్తారు. గడువు ముగిశాక ఇంకా ఏమైనా మిగిలి ఉంటే దాని మీద మామూలు కార్డు వడ్డీ మొదలవుతుంది. కాబట్టి మార్చుకున్నంత మాత్రాన అప్పు ఒక్క డాలరు కూడా తగ్గదు, ఫీజు మేరకు పెరుగుతుంది. ఆ ఫీజు ఇచ్చి కొనుక్కునేది వ్యవధిని మాత్రమే.

ఆ వ్యవధి చవకా, ఖరీదా? తెలుగువాళ్లకు అలవాటైన రూపాయి వడ్డీ లెక్కలో వేసి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. 2023 నుంచి అమెరికాలో కార్డుల సగటు వడ్డీ ఏడాదికి 20 శాతం పైనే ఉంటోంది. 22 శాతం కార్డు అంటే నూటికి నెలకు రూపాయి ఎనభై మూడు పైసలు. ఊళ్లో ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు, ముందు అది తీర్చే దారి చూడమంటారు. కొంచెం అటూఇటూగా అదే వడ్డీ అమెరికా కార్డు మీద ఏళ్ల తరబడి నడుస్తున్నా ఎవరికీ పట్టదు, ఎందుకంటే అది స్టేట్‌మెంటులో ఏడాది శాతంగా ఓ మూలన అచ్చయి ఉంటుంది. ఇక 3 శాతం ఫీజుతో 18 నెలల గడువు తీసుకుని సమాన వాయిదాల్లో తీర్చేస్తే, ఆ ఫీజు నూటికి నెలకు ముప్పై పైసల వడ్డీకి కాస్త ఎక్కువవుతుంది. ఏ పూచీకత్తూ లేకుండా ముప్పై పైసల వడ్డీకి అప్పు మరెక్కడా పుట్టదు.

ఈ లెక్కను ఒక కుటుంబానికి వేసి చూడవచ్చు. డాలస్ శివారులో ఉండే ఒక తెలుగు కుటుంబానికి కార్డు మీద 6,000 డాలర్ల బాకీ ఉందనుకుందాం. వేసవి సెలవుల్లో నలుగురూ హైదరాబాద్ వెళ్లిరావడానికి విమానం టికెట్లు, ఆ వెంటనే కారు రిపేరు, ఉద్యోగం మారేటప్పుడు జీతం రాని కొన్ని వారాలు. దుబారా ఏమీ లేకుండానే పడే బాకీ ఇది. వడ్డీ 22 శాతం, అంటే మొదటి నెల వడ్డీయే 110 డాలర్లు. నెలకు 343 డాలర్ల చొప్పున కడుతూ పోతే పాత కార్డు మీద ఈ అప్పు 22వ నెలలో గానీ తీరదు, వడ్డీ దాదాపు 1,300 డాలర్లవుతుంది. అదే బాకీని 3 శాతం ఫీజుతో 18 నెలల కార్డుకు మారిస్తే 180 డాలర్లు కలిసి 6,180 అవుతుంది. పద్దెనిమిదితో భాగిస్తే నెలకు అదే 343 డాలర్ల చిల్లర. 18వ నెలలో అప్పు తీరిపోతుంది, 1,100 డాలర్లకు పైనే మిగులుతుంది. నెలకు అంత కట్టడం కష్టమైతే 5 శాతం ఫీజుతో 21 నెలల కార్డు తీసుకోవచ్చు. బాకీ 6,300, వాయిదా సరిగ్గా 300. అదనపు మూడు నెలలకు అదనంగా పోయేది 120 డాలర్లు. వాయిదా తప్పే భయం ఉన్న ఇంటికి ఆ 120 దండగ కాదు.

అయితే తొందరగా తీర్చగలిగిన అప్పుకు ఈ మార్పిడి అక్కర్లేదు. పై కుటుంబానికే రెండు నెలల్లో బోనస్ వస్తుందనుకుంటే, నెలకు మూడు వేల చొప్పున పాత కార్డుకే కట్టేసినా వడ్డీ 165 డాలర్ల దాకా అవుతుంది. ఫీజు 180. అంటే మార్చకపోవడమే లాభం.

బ్యాంకులకు ఇందులో ఏం కలిసొస్తుందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. ఒక బ్యాంకు తన సొంత రాష్ట్రంలో చెల్లే వడ్డీని వేరే రాష్ట్రాల ఖాతాదారుల దగ్గర కూడా వసూలు చేయవచ్చని 1978లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1980లో సౌత్ డకోటా రాష్ట్రం వడ్డీ మీద పరిమితిని ఎత్తేసింది. మరుసటి ఏడాది సిటీబ్యాంకు తన కార్డుల వ్యాపారాన్ని అక్కడికి తరలించింది. అలా దేశమంతటా కార్డు వడ్డీలకు కళ్లెం లేకుండా పోయింది. 1990ల మొదట్లో వర్జీనియాలోని సిగ్నెట్ బ్యాంకులో రిచర్డ్ ఫెయిర్‌బ్యాంక్, నైజల్ మోరిస్ అనే ఇద్దరు, ఖాతాదారుల సమాచారాన్ని జల్లెడ పట్టారు. వేరే బ్యాంకుల్లో ఎక్కువ వడ్డీకి బాకీ మోస్తూ, క్రమంగా కడుతున్నవాళ్లను ఎంచుకుని, మొదట కొంతకాలం తక్కువ వడ్డీ ఇస్తామని పిలిచి వాళ్ల బాకీలు తమ దగ్గరికి మార్పించుకున్నారు. ఆ బ్యాంకు కార్డుల విభాగమే 1994లో క్యాపిటల్ వన్ అనే వేరే సంస్థ అయింది. మిగతా బ్యాంకులు అదే దారి పట్టాయి. గడువులోగా అప్పు తీర్చేవారి నుంచి బ్యాంకుకు దక్కేది ప్రధానంగా ఫీజే. తీర్చలేకపోయిన వారి నుంచి ఆ తర్వాత ఏళ్ల తరబడి వడ్డీ వస్తుంది.

ఇక మార్చుకునే పద్ధతి చూస్తే, దరఖాస్తులోనే పాత కార్డు నంబరు, మార్చాల్సిన మొత్తం అడుగుతారు. ఒకే బ్యాంకు కార్డుల మధ్య మార్పిడి కుదరదు. ఖాతా తెరిచిన తర్వాత నిర్ణీత వ్యవధిలో, చాలాచోట్ల 60 రోజుల్లో లేదా 120 రోజుల్లో, మార్చుకుంటేనే సున్నా వడ్డీ వర్తిస్తుంది. కొత్త కార్డు లిమిట్ ఎంత ఇస్తారన్నది ముందుగా తెలియదు. ఫీజు కూడా లిమిట్‌లోపే ఉండాలి కాబట్టి 5,000 లిమిట్ వస్తే 3 శాతం ఫీజు పోను 4,850 డాలర్ల దాకానే మార్చగలరు. డబ్బు పాత కార్డుకు చేరడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఈలోగా పాత కార్డు బిల్లు గడువు తేదీ వస్తే మినిమమ్ (ఆ నెల కట్టాల్సిన కనీస మొత్తం) కట్టి తీరాలి. బాకీ సున్నా అయిందనుకున్నాక కూడా పాత కార్డు మీద మరుసటి నెల కొంత మొత్తం కనిపించవచ్చు. చివరి స్టేట్‌మెంటు నుంచి డబ్బు చేరిన రోజు దాకా నడిచిన వడ్డీ అది. దాన్ని చూసుకోకపోతే లేటు ఫీజు పడుతుంది, క్రెడిట్ రిపోర్టులో మచ్చ కూడా పడవచ్చు.

అసలు చిక్కు మినిమమ్ డ్యూ దగ్గర వస్తుంది. పాత కార్డు మీద మినిమమ్ అంటే చాలా బ్యాంకుల్లో అసలులో ఒక శాతం, ఆ నెల వడ్డీ కలిపిన మొత్తం. 6,000 బాకీకి అది 170 డాలర్లు. కొత్త కార్డు మీద వడ్డీ లేదు కాబట్టి మినిమమ్ ఒక్కసారిగా 62 డాలర్లకు దిగుతుంది. ఇంటి ఖర్చుకు నెలకు వంద డాలర్ల పైన చేతిలో మిగిలినట్టు కనిపిస్తుంది. ఆటోపేలో మినిమమ్ పెట్టి ఊరుకుంటే స్టేట్‌మెంటులో ఏ హెచ్చరికా ఎర్రగా కనిపించదు, ఎవరూ ఫోన్ చేయరు, క్రెడిట్ స్కోరు కూడా పడిపోదు. కానీ 18 నెలల తర్వాత చూస్తే 6,180లో ఇంకా 5,150 డాలర్లకు పైనే మిగిలి ఉంటుంది, మళ్లీ నెలకు 95 డాలర్ల వడ్డీ మొదలవుతుంది. ఏడాదిన్నరలో తీరింది వెయ్యి డాలర్లు, అందులో 180 ఫీజుదే. అందువల్ల కార్డు చేతికి వచ్చిన రోజే ఫీజుతో కలిపిన మొత్తాన్ని గడువు నెలలతో భాగించి ఆ అంకెను ఆటోపేలో పెట్టడం ఈ వ్యవహారమంతటిలోకీ ముఖ్యమైన పని. జీతం పడిన రెండో రోజుకు పెడితే ఇంకా మంచిది. గడువు నెలలు చాలా కార్డుల్లో ఖాతా తెరిచిన రోజు నుంచి లెక్కకొస్తాయి, బాకీ మారిన రోజు నుంచి కాదు. కాబట్టి భాగించేటప్పుడు ఒక నెల తగ్గించుకోవడం క్షేమం.

ఆ కార్డు మీద కొత్త కొనుగోళ్లు చేయకపోవడం రెండో నియమం. మామూలుగా నెల నెలా బిల్లు పూర్తిగా కట్టేవారికి కొనుగోళ్ల మీద మూడు వారాల పైచిలుకు వడ్డీ లేని వ్యవధి ఉంటుంది. మార్చిన బాకీ మోస్తున్నప్పుడు బిల్లు పూర్తిగా కట్టడం జరగదు కాబట్టి చాలా కార్డుల్లో ఆ వ్యవధి పోతుంది. కొనుగోళ్లకు కూడా సున్నా వడ్డీ ఉంటే తప్ప, కిరాణా సామాను కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఖాళీ అయిన పాత కార్డు ఇంకా పెద్ద ప్రలోభం. దాని మీద మళ్లీ బాకీ పెరిగితే ఒక అప్పు రెండవుతుంది. దాన్ని మూసేయడం కన్నా వాడకుండా ఇంట్లో పెట్టుకోవడం మేలు. మూసేస్తే మొత్తం లిమిట్ తగ్గి, అందులో వాడుకున్న వాటా పెరిగి, స్కోరు దెబ్బతింటుంది.

అమెరికాలో 2009 నాటి కార్డ్ చట్టం ఖాతాదారుకు కొంత రక్షణ ఇచ్చింది. తగ్గింపు వడ్డీ కనీసం ఆరు నెలలు ఉండాలి. వాయిదా 60 రోజులు దాటి ఆలస్యమైతే తప్ప, అప్పటికే ఉన్న బాకీ మీద ఆ వడ్డీని మధ్యలో పెంచకూడదు. మినిమమ్‌కు మించి కట్టిన డబ్బు ముందుగా ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకి జమ కావాలి. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే ఎన్నేళ్లు పడుతుందో, మూడేళ్లలో తీరాలంటే నెలకు ఎంత కట్టాలో స్టేట్‌మెంటులో అచ్చువేయాలి. ఈ వివరాలుండే చిన్న పెట్టె చదవదగినది.

ఫర్నిచరు, ఎలక్ట్రానిక్స్ దుకాణాలు తమ కార్డుల మీద ఇచ్చే ‘పన్నెండు నెలల్లో పూర్తిగా కడితే వడ్డీ లేదు’ అనే బేరం దీనిలాగే కనిపిస్తుంది గానీ వేరు. అక్కడ గడువు నాటికి యాభై డాలర్లు మిగిలినా, మొదటి రోజు నుంచి లెక్కగట్టిన వడ్డీ అంతా ఒక్కసారే మీద పడుతుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని నష్టపోయేవారు చాలామంది.

ఇలాంటి కార్డు రావాలంటే మంచి క్రెడిట్ స్కోరు కావాలి. కొత్తగా చదువుకు వెళ్లిన విద్యార్థికి, మొన్ననే ఉద్యోగంలో చేరినవారికి సాధారణంగా రాదు. వచ్చినా చిన్న లిమిటే. ఇప్పటికే రెండు వాయిదాలు తప్పినవారికి కూడా తలుపు మూసుకున్నట్టే. ఇలా కార్డు దొరకని ప్రవాసులు ఒక విషయం చూసుకోవాలి. ఇండియాలో ప్రవాస భారతీయులకిచ్చే ఎన్ఆర్ఈ డిపాజిట్‌లో ఆరేడు శాతం వస్తోందని డబ్బు ఉంచుకుని, అమెరికాలో 22 శాతం కట్టడం ఏ లెక్కనా నిలవదు. డిపాజిట్ గడువుకు ముందే తీస్తే వడ్డీ పోయినా సరే, ముందు తీర్చాల్సింది కార్డు బాకీనే.

భారతదేశంలో ఇదే పేరుతో దొరికేది వేరే సరుకు. ఇక్కడ కార్డు వడ్డీ చాలాచోట్ల నెలకు 3.5 శాతం, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయల బాకీకి నెలకు 3,500 వడ్డీ, 630 పన్ను, వెరసి 4,130 రూపాయలు. అంటే నూటికి నాలుగు రూపాయల పైన. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 నాటి ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. కనుక చట్టం వైపు నుంచి తగ్గుదల ఆశించడానికి లేదు. ఇక్కడ సున్నా వడ్డీ గడువు ఇచ్చినా రెండు మూడు నెలలే. ఎక్కువగా దొరికేది బాకీని వేరే కార్డుకు మార్చి, తక్కువ వడ్డీ మీద ఈఎంఐలుగా కట్టించుకునే పద్ధతి. లక్ష రూపాయలను నెలకు ఒకటిన్నర శాతం మీద 12 ఈఎంఐలుగా మార్చుకుంటే వాయిదా 9,168 రూపాయలు. ఏడాదికి వడ్డీ పది వేలు, దాని మీద జీఎస్టీ 1,800, ఆ పైన ప్రాసెసింగ్ ఫీజు. దాదాపు అంతే సొమ్ము నెల నెలా పాత కార్డుకు కడితే అప్పు తీరడానికి 15 నెలలు పట్టి, వడ్డీకీ పన్నుకూ 34 వేలకు పైగా పోతుంది. సున్నా కాకపోయినా ఈ మార్పిడి చేసుకోదగినదే. అయితే ఫోనులో ‘నెలకు ఒక శాతమే’ అని చెప్పినప్పుడు అది తగ్గుతున్న అసలు మీదా, మొదటి అసలు మీదా అని అడగాలి. మొదటి అసలు మీద ఏడాదికి 12 శాతం అంటే నిజానికి 21 శాతం దాటుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలో దీనికన్నా చవకైన దారి బీరువాలోనే ఉంటుంది. బ్యాంకులో బంగారం తాకట్టు పెడితే నూటికి రూపాయికి అటూఇటూగా వడ్డీ పడుతుంది, కార్డు వడ్డీలో నాలుగో వంతు. నగ తాకట్టు పెట్టాలంటే నామోషీ అనుకుని నాలుగు రూపాయల కార్డు వడ్డీ మోసే కుటుంబాలకు ఆ మొహమాటం చాలా ఖరీదు పడుతోంది. నడుస్తున్న చిట్టీ ఉంటే పాడుకుని కార్డు తీర్చడం మరో మార్గం. పాటలో ఎంత వదులుకోవాల్సి వచ్చిందో, దాన్ని మిగిలిన నెలలకు పంచితే నూటికి ఎంత పడుతుందో చూసుకోవాలి. మూడు రూపాయల లోపు పడితే కార్డు మీద ఉంచడం కన్నా పాడుకోవడమే లాభం. బంగారం లేనివారు, చిట్టీ లేనివారు కార్డు ఈఎంఐ మార్పిడినీ బ్యాంకు పర్సనల్ లోన్‌నీ పక్కపక్కన పెట్టి, ఫీజు, జీఎస్టీ కలిపి మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో చూసి, తక్కువైనది తీసుకోవచ్చు.