జిప్సం గోడల మీద కొత్త మొక్క

మెక్సికో దేశపు ఈశాన్య భాగాన, న్యూవో లియోన్ రాష్ట్రంలో, సియెర్రా మాద్రే ఓరియెంటల్ పర్వతపంక్తి నడుమ రయోనెస్ అనే చిన్న ఊరు ఉన్నది. ఆ ప్రాంతపు లోయలలో కొండచరియలు గోడల వలె నిటారుగా లేచి ఉంటాయి. వాటి మీద మట్టి నిలువదు, వాననీరు నిలువదు. అయినా మన చేలగట్ల మీది నాగజెముడుకు దూరపు చుట్టమొకటి ఆ గోడలనే పట్టుకొని బ్రతుకుతున్నది.

జర్మన్ అన్వేషకుడు ఫ్రీడ్రిష్ రిట్టర్ దానిని కనుగొన్నాడు. రెండంగుళాలైనా మించని గుండ్రని మొక్క. కాండంలోనే నీరు దాచుకొంటుంది. బూడిద కలిసిన ఆకుపచ్చ ఒంటి మీద అడ్డంగా ముడుతలు. అవి అజ్‌టెక్ శిల్పాలను తలపించడం చేత ఆ ప్రజాతికి అజ్‌టేకియం అని పేరు వచ్చింది.

అరవై ఏళ్లకు పైగా అది ఒంటరి ప్రజాతి. 1991లో జార్జ్ హింటన్ అదే రాష్ట్రంలోని జిప్సం కొండలపై రెండవ జాతిని చూశాడు. (ఆయన తాత కూడా మెక్సికో కొండలలో మొక్కలు సేకరించినవాడే!) ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు ముడిసరుకైన ఆ తెల్లని శిలపై ముదురు గులాబీ పూవులు విచ్చుకొంటాయి. దానికి హింటన్ పేరే పెట్టారు. అక్కడే మరో కొత్త ప్రజాతి, జియోహింటోనియా, కూడా దొరికింది. మూడవ అజ్‌టేకియం గురించిన వర్ణన 2013లో వెలువడింది. దీనికి సాధారణంగా అయిదే గట్లు.

శాస్త్రజ్ఞుని ఆనందం ఇక్కడే ఆందోళనగా మారుతుంది. అజ్‌టేకియం విత్తనం ధూళి వంటిది. మొలక రెండేళ్లకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. ఒక దొంగ ఒక పూటలో పెకలించినదాన్ని కొండ తిరిగి పెంచడానికి దశాబ్దాలు కావాలి. అరుదైనదానికే గిరాకీ, కొత్తదైతే ఇంకా ఎక్కువ. 2015లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన 1,478 కాక్టస్ జాతులను లెక్కించి, వాటిలో 31 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది. ముప్పులో ఉన్నవాటిలో దాదాపు సగానికి తోటల వారి, సేకర్తల మోజు ఒక కారణం. మోజు తప్పు కాదు. విత్తనం నుంచి పెంచి, వేగంగా ఎదిగే మరో కాక్టస్‌పై అంటుకట్టిన మొక్కలు నర్సరీలలో దొరుకుతాయి. ఓపిక లేనివారికే కొండ మీది మొక్క కావాలి.

అందుచేత ఇటీవల కొత్త జాతిని వర్ణించే శాస్త్రజ్ఞులు పలువురు ఆకును, పూవును, ముల్లును సవివరంగా వ్రాసి, చోటు దగ్గరికి వచ్చేసరికి కలం ఆపుతున్నారు. రయోనెస్ పేరు పాత గ్రంథాలలో ఎన్నడో అచ్చయింది గనుక ఇక్కడ వ్రాశాము. మూడవ మొక్క ఉన్న లోయ పేరు మాత్రం వ్రాయడం లేదు.