నొప్పికి ఎన్ని మాటలో

మోకాలికి దెబ్బ తగిలితే మన బడిలో ముందు వచ్చేది ఐసు సంచి, వెంటనే వచ్చేది "ఏం కాలేదు సార్" అనే మాట. జట్టులోంచి పేరు తీసేస్తారేమోనన్న భయమే ఆ మాట అనిపిస్తుంది.

కిందటేడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఖోఖోలో పోల్ దగ్గర మలుపు తిరగబోయి కూలబడింది. సాయంత్రానికల్లా మోకాలు బూరెలా పొంగింది. కొద్ది గంటల్లోనే అంత వాపు వస్తే కీలు లోపల రక్తం చేరి ఉండవచ్చు, తేలిగ్గా తీసుకోకూడదు. వాళ్ళ నాన్నగారు డ్యూటీ మీద ఎక్కడో ఉన్నారు. ఆ ఊరికి వాళ్ళు వచ్చి రెండు నెలలే. బడిలో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరం టీచర్లమే, వాళ్ళమ్మగారికి తోడుగా ఆస్పత్రికి వెళ్ళాం. ఎక్స్‌రే తీసి ఎముక బాగుందన్నారు. ఎలా ఉందని డాక్టరు అడిగితే అమ్మాయి "దర్ద్ హై" అంది. అంతే. మాత్రలు రాశారు.

పది రోజులకు వాపు తీసింది. మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని దిగుతుంటే తెలుగులో అడిగాం. "నొప్పి లేదు టీచర్, దిగుతుంటే మోకాలు జారిపోతున్నట్టుంది" అంది. డాక్టరుకు కావలసిన మాట అదీ!

మన భాషలో సలుపు వేరు, పోటు వేరు, పీకు వేరు. కాలు జారిపోతోందంటే లోపలి లిగమెంటు తెగి ఉండవచ్చు. వంచిన కాలు చాచలేకుండా ఇరుక్కుపోతోందంటే, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగి అడ్డంపడి ఉండవచ్చు. ఇవి ఎక్స్‌రేలో కనపడవు. అది చూపేది ఎముకని. మెత్తని భాగాలకు ఎమ్మారై కావాలి. అమ్మాయి మాటను హిందీలో రాసిచ్చి మళ్ళీ పంపాం. ఈసారి డాక్టరు మోకాలు కొంచెం వంచి, కింది భాగాన్ని ముందుకు లాగి చూశారు. ఎమ్మారైలో తేలింది, ఏసీఎల్ పూర్తిగా తెగింది.

చిత్తూరు నుంచి అమ్మమ్మగారు ఫోను చేసి పుత్తూరు కట్టు కట్టిద్దాం రమ్మన్నారు. ఆ కట్టంటే మాకూ గౌరవమే, పొరుగు రాష్ట్రాల నుంచీ వస్తారు. కానీ పేరొచ్చింది విరిగిన ఎముకలకు. పూర్తిగా తెగిన ఏసీఎల్ కట్టు కట్టినంత మాత్రాన అతుక్కోదు. ఆవిడ నాలుగు రోజులు అలిగారు.

ఇంతలో బదిలీ ఉత్తర్వు, భువనేశ్వర్‌కి. ఆపరేషను ఇక్కడా, అక్కడా? ఎదిగే పిల్లల ఎముకల చివర్లు ఇంకా పెరుగుతుంటాయి కాబట్టి ఎప్పుడు, ఎలా చేయాలో డాక్టరే తేల్చాలి. తరువాత నెలల తరబడి ఫిజియోథెరపీ, ఆటలోకి రావడానికి తొమ్మిది నెలలో ఇంకా ఎక్కువో. చేసినవారే చివరిదాకా చూస్తే మేలని, డాక్టరుని అడిగే, అక్కడే చేయిద్దామనుకున్నారు. ఈలోగా తొడ కండరం బలానికి వ్యాయామాలు నేర్పారు.

ఎమ్మారై ఫిల్మూ, సీడీ, రిపోర్టూ సామాను లారీలో వేయనివ్వలేదు, వాళ్ళమ్మగారి చేతిసంచిలో పెట్టించాం. (లారీ ఎక్కిన మా మిక్సీ మూత మూడు ఊళ్ళయినా దొరకలేదు.) వాటితోపాటు ఒక కాగితం: ఎప్పుడు పడింది, ఎటు తిరిగింది, ఏ మాత్ర పడలేదు, ఎలా అనిపిస్తోంది. అమ్మాయి మాటల్లోనే, పక్కన హిందీలో.

ఆపరేషనై ఆరు నెలలు. మెల్లగా పరుగు మొదలుపెట్టించారట, ఖోఖో మాత్రం ఇంకా వద్దన్నారట. "సలుపు లేదు టీచర్, పొద్దున లేవగానే పట్టేస్తోంది" అంది మొన్న ఫోనులో. ఫిజియోథెరపీ మేడమ్‌కి చెప్పావా అని అడిగాం. చెప్పిందట, సగం ఒడియాలో.