తోక చెప్పేది, రంగు చెప్పనిది

బన్సీలాల్‌పేట్ మెట్లబావి బాగుపడి 2022 డిసెంబరులో తెరుచుకున్నప్పటి నుంచి, అక్కడికి వచ్చేవాళ్లంతా రెయిలింగ్ పట్టుకుని కిందికి, నీళ్లలోకి చూస్తారు. నా చూపు మాత్రం పైన తిరిగే గద్దల మీదికే పోతుంది. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక గరుడపక్షి కూడా కనిపిస్తుంది. పెద్దదైతే పోల్చుకోవడం తేలిక: ఇటుకరంగు రెక్కలు, తెల్లటి తల. పిల్ల గరుడ అలా కాదు, గద్దలాగే మట్టిరంగులో ఉంటుంది. రంగును నమ్ముకుంటే దాన్ని గద్ద అనేస్తాం. తోక చూస్తే ఆ పొరపాటు జరగదు. గద్ద తోక చివర మధ్యలో నొక్కు ఉంటుంది. గరుడ తోక విచ్చిన విసనకర్రలా గుండ్రంగా ఉంటుంది.

ఎగిరే పిట్టను పోల్చడంలో నేను గట్టిగా నమ్మేది ఇదే: రంగు చివర, ఆకారమూ నడతా ముందు. ఇది ఎంత నిజమో చూడాలంటే రాణిగంజ్ దాటి హుస్సేన్‌సాగర్‌కు వెళ్లాలి. చలికాలంలో నీళ్ల మీద పొడుగు రెక్కలతో తెల్లగా తిరిగేవి టెర్న్‌లు. సముద్రాల మీద బతికే కుటుంబమే అది, కానీ కొన్ని జాతులు నదులనూ చెరువులనూ నమ్ముకున్నాయి. మన దగ్గర చాలామంది కలిపేసేవి రెండు. రివర్ టెర్న్ ఇక్కడిదే, నదుల్లో ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడుతుంది. విస్కర్డ్ టెర్న్ చలికాలపు చుట్టం.

వేసవిలో రెంటికీ నల్లటి టోపీ. చలికాలంలో రెండు టోపీలూ వెలిసిపోతాయి. రివర్ టెర్న్ పసుపుపచ్చ ముక్కు కొస కూడా అప్పుడు నల్లబడుతుంది. వేసవిలో విస్కర్డ్ టెర్న్ పొట్ట ముదురు బూడిదరంగుకు తిరుగుతుంది. తిరుగు ప్రయాణానికి ముందు సగం మారిన పిట్టలు మచ్చలు మచ్చలుగా కనిపిస్తాయి. రంగు చూసేవాళ్లను ఇంతకన్నా తికమక పెట్టేది ఉండదు.

అదే వేట చూడండి. రివర్ టెర్న్ బరువైన పిట్ట, ముక్కు లావు, తోక లోతుగా చీలి రెండు పొడవాటి కొసలు వేలాడుతుంటాయి. కాస్త ఎత్తున, నిదానంగా రెక్కలాడిస్తూ, ముక్కు కిందికి వంచి నీళ్లు వెతుక్కుంటూ పోతుంది. చేప కనబడగానే ఒక్క క్షణం గాల్లో ఆగి, రెక్కలు ముడిచి దబ్బున నీళ్లలో పడుతుంది. విస్కర్డ్ టెర్న్ చిన్నది, తోక పొట్టి, దాని చీలిక ఉందా లేదా అన్నట్టుంటుంది. అది నీటికి దగ్గరగా అటూ ఇటూ తిరుగుతూ, ముక్కుతో పైపైన పురుగునో చేపపిల్లనో ఏరుకుని లేచిపోతుంది. సాధారణంగా ఒళ్లు తడవదు.

విశాఖ చేపల రేవులోనో కాకినాడ తీరంలోనో సముద్రపు కాకుల దగ్గర చూడాల్సింది రెక్క కొస. బ్రౌన్‌హెడెడ్ గల్ నల్లటి రెక్క కొసలో తెల్లటి చుక్కలుంటాయి. బ్లాక్‌హెడెడ్ గల్‌కు చుక్కలుండవు, రెక్క ముందు అంచు పొడవునా తెల్లటి పట్టీ. పిల్ల బ్రౌన్‌హెడెడ్‌కు ఆ చుక్కలు ఇంకా రావు, అందుకని దాని దగ్గర ఇంకాస్త ఓపిక పట్టాలి.

ఒకప్పుడు ఈ ఓపిక అక్కర్లేదు, తుపాకీ ఉండేది. 1931-32లో సాలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేసినప్పుడు కూడా పిట్టలను కొట్టి నమూనాలు సేకరించడమే పద్ధతి. 1934లో అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ వేసిన పుస్తకం, ప్రతి బొమ్మ మీదా ఎక్కడ చూడాలో గీత గీసి చూపించి, దూరం నుంచే పోల్చే దారిని సామాన్యులకు తెరిచింది. ఆ చిన్న గీతలు ఎన్ని పిట్టల ప్రాణం కాపాడాయో అనుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమే.

పేరు సరిగ్గా రాయడం ఇవాళ మరీ ముఖ్యం. రివర్ టెర్న్‌ను ఐయుసిఎన్ ఇప్పుడు ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతుల్లో చేర్చింది. ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లకు తిన్నె మునిగితే గుడ్లు పోతాయి, ఇసుక తవ్వితే తిన్నే పోతుంది. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కింపు జరుగుతోంది. అందులో విస్కర్డ్ టెర్న్‌ల గుంపును రివర్ టెర్న్‌లని రాస్తే, నదిలో తగ్గిపోయిన పిట్ట కాగితం మీద క్షేమంగా ఉంటుంది.

హుస్సేన్‌సాగర్‌కు ట్యాంక్‌బండ్ తూర్పున ఉంది కాబట్టి పొద్దున అక్కడికి వెళ్తే ఎండ మన వీపు మీద, వెలుగు పిట్టల మీద పడుతుంది. గుంపును వదిలేసి ఒక్కదాన్నే పట్టుకుని చూడండి. నీళ్లలోకి దూకిందో, పైపైన ఏరుకుందో తేలాక తల రంగు సంగతి చూసుకోవచ్చు.