మా ఆవిడ పాస్‌పోర్టు

ధనుర్మాసం వచ్చిందంటే మా రాజమండ్రిలో నిద్ర లేవడానికి గడియారంతో పనిలేదు. తెల్లవారుజామున అయిదింటికల్లా వీధి చివరి గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. (ఊరి పేరు 2015లోనే రాజమహేంద్రవరం అయింది గాని, నా నోటికి ఇంకా అలవాటు కాలేదు.) మంకీటోపీ తొడుక్కుని, శాలువా కప్పుకుని పుష్కరఘాట్ దాకా నడిచివస్తాను. ఆ వేళప్పుడు గోదావరి కనబడదు. పొగమంచులో పాత హేవలాక్ వంతెన స్తంభాలు రెండో మూడో తేలుతూ ఉంటాయి, అంతే. వచ్చేటప్పుడు ఒక తేగలకట్ట కొనడం, "మళ్ళీ తెచ్చారూ? నా పళ్ళతో ఇవి నమలగలనా?" అని మా ఆవిడ చేత అనిపించుకోవడం, ఆ తర్వాత ఆవిడే వాటిని ఉడకబెట్టి, పీచు తీసి, నాకంటే రెండు ఎక్కువే తినడం – ఉద్యోగ విరమణ చేసిన ఈ పన్నెండేళ్ళుగా మా చలికాలం ఇలాగే గడుస్తోంది. పగలు పెరట్లో నీరెండకు రెండు కుర్చీలు. సాయంత్రం ఆరింటికే తలుపులు బంధించి దుప్పట్లు.

ఈ ఏడు మాత్రం ముందు గదిలో రెండు పెద్ద సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. సంక్రాంతి వెళ్ళాక మేమిద్దరం అమెరికా వెళుతున్నాం. అమ్మాయి వాళ్ళుండేది మినియాపోలిస్‌లో.

నేను తపాలాశాఖలో ముప్పయ్యారేళ్ళు పనిచేశాను. టెలిగ్రాముకు వీడ్కోలు చెప్పిన 2013లోనే నేనూ బయటికి వచ్చాను. ఎన్ని వేల నీలం రంగు ఏరోగ్రాములు నా చేతుల మీదుగా సముద్రాలు దాటి వెళ్ళాయో లెక్కలేదు. ఏ దేశానికి ఎంత బరువుకు ఎంత రుసుమో ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. తీరా చూస్తే నేను మాత్రం సముద్రం దాటలేదు. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మా ఆవిడ రెండుసార్లు వెళ్ళివచ్చింది. రెండుసార్లూ ఒంటరిగానే.

మొదటిసారి 2006లో, మనవరాలి పురిటికి. అప్పట్లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు. అది 2008లో గాని రాలేదు. వీసాకి మద్రాసు తీసుకువెళ్ళాను. అమ్మ మంచంలో ఉంది కనుక ప్రయాణానికి నేను కదలలేకపోయాను. అది నిజమైన కారణం. రెండోసారి 2009 చివర్లో, మనవడి పురిటికి. అప్పటికి అమ్మ లేదు. సెలవు దొరకదని చెప్పాను. అది అబద్ధం. నేను సెలవు అడగనే లేదు. విమానమంటే భయం కాదు. అల్లుడి ఇంట్లో ఏ పనీ లేకుండా ఆర్నెల్లు కూర్చోవాలంటే భయం. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పటి వీసాకి నానక్‌రామ్‌గూడ వెళ్ళాం. పింఛను కాగితాలు, ఇంటిపన్ను రసీదులు, బ్యాంకు పుస్తకాలు అన్నీ వరసగా పేర్చి, అంకెలు వేసి, తపాలావాడి పద్ధతిలో ఒక ఫైలు తయారుచేశాను. దాన్ని తెరవమన్న పాపాన పోలేదు ఎవరూ. అద్దం అవతలి అధికారి మా ఆవిణ్ణి అడిగాడు, దుభాషి తెలుగులో చెప్పింది: "ఇదివరకు ఎందుకు వెళ్ళారు?"

"పురుళ్ళకండీ."

"ఇప్పుడు ఎందుకు వెళుతున్నారు?"

మా ఆవిడ చాలాసేపు ఆలోచించింది. నాకు చెమటలు పట్టాయి.

"ఊరికేనండీ" అంది.

ఆయన నవ్వి మా పాస్‌పోర్టులు తీసుకున్నాడు. బయటికి వచ్చాక ఆవిడ ముఖం మాత్రం చిన్నబోయి ఉంది. పనేమీ లేకుండా అంత దూరం వెళ్ళడమేమిటని దారి పొడుగునా అంటూనే ఉంది.

పని లేదంటూనే సామాను తయారుచేయడంలో మునిగిపోయింది. బూడిదగుమ్మడి వడియాలు, నువ్వులపొడి, కరివేపాకు కారం. పచ్చి కరివేపాకు తీసుకుపోవడానికి వీల్లేదట. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దానిమీద ఉంటుందని అక్కడి వాళ్ళ భయం. చలిరోజుల ఎండకు వడియాలు ఎండవు. తెల్లారగానే డాబా మీద పరచడం, మంచు పడేలోపు దించడం, ఈ మెట్లెక్కే పని ఆవిడ మోకాళ్ళతో సాగదు కనుక నాది. మనిషికి రెండు పెట్టెలు, ఒక్కొక్కటి ఇరవై మూడు కిలోలు. పెట్టెకు తెల్లగుడ్డ చుట్టి కుట్టి, చిరునామా రాద్దామన్నాను. "పార్సెల్ కాదండీ, మనుషులం వెళుతున్నాం" అంది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ అడుగుదామంటే దానికీ ఒప్పుకోలేదు. తనకు దారి తెలుసట.

మొన్న పాత పాస్‌పోర్టుల కోసం బీరువా సర్దుతుంటే, ఆవిడ పాస్‌పోర్టు అట్టలో నాలుగు మడతల కాగితం ఒకటి దొరికింది. అమ్మాయి గుండ్రటి చేతిరాత, ఇంగ్లీషులో. నాకు ఇంగ్లీషు రాదు, నేను హైదరాబాదు వెళ్ళాలి, దయచేసి ఈ విమానం గేటు దగ్గరకు చేర్చండి అని. కింద విమానం అంకె, 2010 ఏప్రిల్ తేదీ.

ఆ తేదీ చూడగానే గుర్తొచ్చింది. ఐస్‌లాండులో అగ్నిపర్వతం పేలి, బూడిద కమ్ముకుని, యూరపులో విమానాలన్నీ ఆగిపోయిన రోజులవి. మా ఆవిడ ఫ్రాంక్‌ఫర్టులో చిక్కుపడిపోయింది. ఊళ్ళోకి వెళ్ళడానికి వీసా లేదు. నాలుగు రాత్రులు విమానాశ్రయంలోనే పడుకుంది. నేనిక్కడ టీవీ ముందు కూర్చుని మేఘాల బొమ్మలు చూశాను. ఇంటికి వచ్చాక అడిగితే, "మంచాలు వేశారండీ, బాగానే ఉంది" అని స్నానానికి వెళ్ళిపోయింది. నేనూ మళ్ళీ అడగలేదు.

కాగితం తిప్పిచూశాను. వెనకవైపు పెన్సిలుతో ఆవిడ రాత. పెళ్ళిలో చదివింపుల పద్దులా ఉంది. గుజరాతీ ఆవిడ – రెండు బిస్కట్ పొట్లాలు. సర్దార్జీ – దుప్పటి. తెల్ల పిల్ల, చీపురు పని – వేన్నీళ్ళు, రెండుసార్లు. తమిళ అబ్బాయి – ఫోను, అమ్మాయితో మాట్లాడించాడు. చివర: నేను – అందరికీ అటుకుల మిక్స్చరు.

పెరట్లో వడియాల పిండి కలుపుతున్న ఆవిడకు చూపించాను.

"ఎవరేమిచ్చారో మరిచిపోకూడదు గదండీ" అంది.

కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆ సెలవు సంగతి ఇప్పుడైనా చెప్పేద్దామని, "ఆ ఏడాది నేను..." అని మొదలుపెట్టాను.

"సెలవు చీటీ పెట్టలేదు. తెలుసు లెండి. మీ హెడ్ క్లర్కు గారి భార్య అప్పుడే చెప్పింది" అంది, పిండిలోంచి చెయ్యి తీయకుండానే. "ఆ ఇంగువ డబ్బా ఇలా అందుకోండి."

పదిహేనేళ్ళకు పైగా ఆవిడ ఆ మాట మనసులోనే దాచుకుంది. ఆ సాయంత్రం దుప్పట్లో ముడుచుకుని కూర్చున్నాక తనే కబుర్లు చెప్పింది. ఆ రెండుసార్లూ తాను చూసింది వంటిల్లు, పసిపిల్లల గది, ఆసుపత్రేనట. ఒకరోజు అల్లుడు కారులో వెళుతూ, మిసిసిపీ నది చూడమన్నాడట. చూస్తే తెల్లటి మైదానం. నది అంటే నమ్మలేదట. "మనం జూలై దాకా ఉంటాం గదా. ఈసారి కరిగాక చూస్తాను" అంది. ఊరికే అన్న మాట ఆ తర్వాత ఆవిడ నోట వినలేదు.

నిన్న పెట్టెలు తూచాను. కొక్కెం త్రాసులో ఆవిడ పెట్టె ఇరవై నాలుగున్నర చూపించింది. గోంగూర పచ్చడి సీసా తీసేద్దామంటే ససేమిరా అంది. చివరికి నా పుస్తకాలు రెండు బయటపడ్డాయి. అన్నీ మూశాక, ఆ నాలుగు మడతల కాగితం తెచ్చి నా చొక్కా జేబులో పెట్టింది.

"నాకు ఇంగ్లీషు వచ్చు కదా" అన్నాను.

"వస్తే రానివ్వండి. పెద్ద విమానాశ్రయం. నేను కనబడకపోతే ఎవరికైనా చూపించండి" అని దీపం ఆర్పేసింది.